చల్లగా ఉంచవలెను

ఆ శుక్రవారం ఉదయం ఐదింటికి లేచేసరికే ల్యాబ్ టెక్నీషియన్ దగ్గర ఒక పథకం సిద్ధంగా ఉంది. ఇంట్లోవాళ్లు లేవకముందే పుట్టగొడుగుల కాఫీ కాచి ఫ్రిజ్‌లో దాచాలి. డ్యూటీకి వెళ్లి పదకొండింటికల్లా ఇంటికి రావాలి. ఐసు ముక్కలు వేసి, పొడుగాటి గాజు గ్లాసులో పోసి, అత్తగారి చేతికివ్వాలి. అంతే. ఇంత చిన్న పనిలో ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చే సందు ఎక్కడుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

అసలు సంగతి అత్తగారి రక్తపోటు. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. కూతురికి డిపార్ట్‌మెంటు పరీక్ష దగ్గరపడిందని, మూడేళ్ల కవల మనవల్ని చూసుకోవడానికి వచ్చింది. ఇల్లు పీకి పందిరేసే ఆ కవలలు ఈ లోకంలో వినేది ఒక్క అమ్మమ్మ మాటే. వచ్చిన వారానికే ఆవిడకి బీపీ పెరిగింది. అల్లుడు పనిచేసే ల్యాబ్ యజమాని, పెద్ద డాక్టరుగారు, పరీక్ష చేసి "కాఫీ బంద్. చుక్క కూడా వద్దు" అన్నాడు. రోజుకి ఐదు కప్పులు తాగే మనిషి! ఆవిడ ఇరవై రెండు రోజులుగా కాఫీ మానేసింది, ఇంట్లో మిగతావాళ్లు మనశ్శాంతి మానేశారు.

గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ తీర్పు చెప్పేసింది.

"ఆదివారం పొద్దున్న బస్సుకి వెళ్లిపోతున్నాను. మా ఇంట్లో నా కాఫీ నేను కలుపుకుంటాను. అడిగేవాళ్లుండరు."

"అమ్మా, పరీక్షకి ఇంకా పదకొండు రోజులేనే. ఇప్పటికి రెండుసార్లు పోయింది. ఈసారి కూడా పోతే ఇంక రాయనివ్వరు," అంది కూతురు ఏడుపు గొంతుతో.

"కాఫీ లేకపోతే నాకు ఎదుటివాళ్లు చెప్పేది చెవికెక్కడం లేదే," అంది ఆవిడ.

అత్తగారు బస్సెక్కితే కవలలు, కవలలుంటే చదువు సున్నా, చదవకపోతే పరీక్ష గోవిందా. టెక్నీషియన్ ఈ లెక్క వేసుకుంటూ ఉండగా, ఏదో పాత పత్రికలో చదివిన విషయం గుర్తొచ్చింది. ఎండబెట్టిన పుట్టగొడుగుల పొడి సగం కలిపితే కాఫీ పొడి సగానికి తగ్గుతుందట, రుచి మాత్రం ఉంటుందట. ఆ సాయంత్రమే ఎండు పుట్టగొడుగులు అరకిలో తెచ్చాడు. డాక్టరుగారికి చెప్పలేదు, చుక్క కూడా వద్దన్న మనిషి గనక. భార్యకి చెప్పలేదు, ఆమె కాఫీ డబ్బాకి తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకుని తిరుగుతోంది గనక. కాఫీ పొడి కూడా బయటినుంచే తెచ్చుకున్నాడు.

మిక్సీని దుప్పటిలో చుట్టి పుట్టగొడుగులు పొడి చేశాడు. కాఫీ పొడితో కలిపి చిక్కటి డికాషన్ కాచాడు. చల్లబడ్డాక చక్కెర కరగదని వేడిమీదే నాలుగు చెంచాలు పోశాడు. మామూలు ఐసు కరిగితే కాఫీ నీళ్లయిపోతుందని పాలనే ట్రేలో పోసి గడ్డ కట్టడానికి పెట్టాడు. ఇంత ముందుచూపు ఉన్నవాడికి డికాషన్ పోయడానికి ఒక సీసా దొరకలేదు. ఉన్న ప్రతి సీసాకీ ఏదో ఒక వాసన. చివరికి అతని చూపు తన బ్యాగు మీద పడింది. అందులో సీలు తీయని కొత్త శాంపిల్ డబ్బా, మూత్ర పరీక్షకిచ్చేది, ఉంది. అంతకన్నా శుభ్రమైన పాత్ర ఈ భూమ్మీద లేదని అతని వృత్తిరీత్యా నమ్మకం.

డబ్బాలో పోసి మూత బిగించాక చెయ్యి ఊరుకోలేదు. ఆ చేతికి లేబుల్ జబ్బుంది. ఉప్పు డబ్బా మీద తెరిచిన తేదీ, గొడుగు మీద కొన్న తేదీ రాసే మనిషి. కవలలు పుట్టినప్పుడు చెరో కాలికీ చీటీ కట్టి ఆర్నెల్లు విప్పనివ్వలేదు. ఇప్పుడూ అలవాటుగా రాసేశాడు: "పేరు: అత్తగారు. వయసు: 64. స్త్రీ. సమయం: ఉదయం 5.40. చల్లగా ఉంచవలెను." రాసింది చూసుకుని, తృప్తిగా ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పెట్టి, మిగిలిన డికాషన్ గిన్నెని బియ్యం డబ్బా వెనక దాచి, స్కూటరెక్కాడు.

ఉదయం పూట అతని డ్యూటీ ఇంటింటికీ తిరిగి రక్తం తీయడం. సూది పట్టిన చెయ్యి అదరకూడదని ఫోన్ నోరు నొక్కి స్కూటర్ డిక్కీలో పడేస్తాడు. అందుచేత ఎనిమిదింటికి ఇంట్లో జరిగింది అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎనిమిదింటికి భార్య పాలకోసం ఫ్రిజ్ తెరిచింది. ఎదురుగా అమ్మ పేరు మీద శాంపిల్. నెలవారీ పరీక్షలకని అమ్మ నిన్న పొద్దున్నే ఒకటి ఇచ్చింది. అది చాలక ఈయన ఇవాళ మళ్లీ అడిగి తీసుకుని, హడావిడిలో మరిచిపోయి వెళ్లారనుకుంది. ఆ తర్వాత రంగు చూసింది. చూసి, ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టి అలాగే నేలమీద కూలబడింది.

అమ్మని అడుగుదామంటే అమ్మ భయపడుతుంది. ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. చివరికి డబ్బాని మూడు సంచుల్లో చుట్టి పక్కింటి టైలరుని పిలిచింది.

"అన్నయ్యా, ఇది కాస్త ల్యాబ్‌లో ఇచ్చేసి రండి. ఎవరికీ చెప్పకండి."

"నా సంగతి నీకు తెలీదా చెల్లెమ్మా?" అన్నాడు టైలరు.

తెలుసు గనకే ఆమె రెండోసారి కూడా చెప్పింది. టైలరు నోట్లో నువ్వుగింజ నానదు. అతను సైకిల్ మీద వీధి చివరికి చేరేలోపు నాలుగిళ్ల దగ్గర ఆగాడు.

పదిన్నరకి టెక్నీషియన్ రక్తపు గొట్టాలు పట్టుకుని ల్యాబ్‌లో అడుగుపెట్టగానే, పెద్ద డాక్టరుగారు ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"కూర్చోవయ్యా."

పధ్నాలుగేళ్ల సర్వీసులో ఆయన కూర్చోమనడం అదే మొదటిసారి.

"మీ అత్తగారి శాంపిల్ ఇంటినుంచి పంపించారు. నిన్నటిది నేనే చూశాను, లక్షణంగా ఉంది. ఇవాళ్టిది చూడు. చక్కెర చూసే పట్టీ మీద రంగులన్నీ దాటి అవతలకి పోయింది. ఈ నలుపు ఏ పుస్తకంలోనూ లేదు. అడుగున మడ్డి. ఆ మడ్డిని మైక్రోస్కోపు కింద పెడితే..." డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఫంగస్ నాయనా. ఎటు చూసినా ఫంగస్. ముప్పై ఏళ్లలో ఇలాంటిది చూడలేదు. పెద్దాసుపత్రికి చెప్పాను, మంచం సిద్ధం చేస్తున్నారు."

"బూడుసార్లు చూశాను సార్," అంది జూనియర్ టెక్నీషియన్. నాలుగు రోజులుగా ఆ పిల్లకి జలుబు, ముక్కు పూర్తిగా దిబ్బడ. దానికి తోడు రెండు మాస్కులు. ఆ ముక్కు కింద కాఫీ తోటే తగలబెట్టినా వాసన తగిలేది కాదు.

టెక్నీషియన్ బల్లమీద డబ్బాని చూశాడు. లేబుల్ మీద తన చేతిరాత. నిజం చెబితే, డాక్టరుగారు వద్దన్న కాఫీని దొంగచాటుగా కాచి, ల్యాబ్ డబ్బాలో పోసిన ఘనత బయటపడుతుంది. చెప్పకపోతే అత్తగారిని మంచమెక్కించేస్తారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చివరికి నోరు విప్పాడు.

"డాక్టరుగారూ, అది... అది నాదండీ."

డాక్టరుగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "నీదా?"

"ఔనండీ. అత్తయ్యగారి కోసమని పొద్దున్నే ఐదింటికి లేచి..."

డాక్టరుగారు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎన్నాళ్లనుంచి ఉందయ్యా నీకీ బాధ? ఒక్క మాట చెప్పొద్దూ?"

ఇంక మాటలతో పనికాదని టెక్నీషియన్‌కి అర్థమైంది. పరీక్షకి వేరే గొట్టంలోకి వంచుకోగా డబ్బాలో ముప్పాతిక ఇంకా ఉంది. మూత తీసి గటగటా తాగేశాడు.

జూనియర్ వేసిన కేకకి వెయిటింగ్ హాల్లో జనం లేచి నిలబడ్డారు. డాక్టరుగారు గోడకి అంటుకుపోయాడు.

"కాఫీ అండీ! పుట్టగొడుగుల కాఫీ! వాసన చూడండి!"

డాక్టరుగారు ఆ ఖాళీ డబ్బాని చేతి దూరంలో పట్టుకుని వాసన చూశాడు. దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూశాడు. జాలి, భయం, కోపం ఒకదాని తర్వాత ఒకటి ఆయన ముఖంలోకి వచ్చి వెళ్లాయి.

"పుట్టగొడుగంటే ఫంగసే కదా సార్?" అంది జూనియర్ కుర్చీ వెనకనుంచి. "అయితే నా రిపోర్టు కరెక్టే!"

"నూటికి నూరుపాళ్లు కరెక్టే తల్లీ," అన్నాడు డాక్టరుగారు నీరసంగా. అంతలోనే ఏదో గుర్తొచ్చి ముఖం పాలిపోయింది. "మీ ఆవిడ ఫోన్ చేస్తే చెప్పేశానే!"

"ఏం చెప్పారండీ?"

"ధైర్యంగా ఉండమన్నాను. మీ అమ్మ ఏది అడిగినా కాదనకుండా ఇవ్వమన్నాను."

ఇంటికి ఫోన్ చేస్తే ఎంతసేపటికీ లైను దొరకలేదు. ఇద్దరూ డాక్టరుగారి కారెక్కారు.

ఇంటి గుమ్మం ముందు చెప్పులు వీధిదాకా పరుచుకుని ఉన్నాయి. టైలరు తలుపు దగ్గర నిలబడి "ఒక్కొక్కరే, ఒక్కొక్కరే. ఆవిణ్ణి అలిసిపోనివ్వకండి" అంటున్నాడు. లోపల అత్తగారు పడక్కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. నుదుటిమీద ఐసు కట్టిన గుడ్డ. భార్య కంగారులో తీసింది పాల ఐసు గనక, ఆవిడ చెంపలమీదుగా మోచేతులదాకా పాలు కారుతున్నాయి. మోచేతి దగ్గర చెరోవైపూ చేరి కవలలు ఆ పాలు నాకుతున్నారు. చేతిలో మాత్రం పొగలు కక్కే కాఫీ. అది మూడో కప్పు. నాలుగోదాన్ని భార్య వంటింట్లో ఏడుస్తూ కలుపుతోంది.

"రండి అల్లుడుగారూ," అంది ఆవిడ ప్రశాంతంగా. "ఏడవకండి. వీధిలో అందరూ వచ్చి చెప్పారు. నాకేం బెంగలేదు. అరవై నాలుగేళ్లు బతికాను. అందులో చివరి ఇరవై రెండు రోజులు లెక్కలోకి రావు." తర్వాత డాక్టరుగారి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఒక్క కోరిక డాక్టరుగారూ. అమ్మాయి పరీక్ష అయ్యేదాకా నెట్టుకొస్తానా? పది రోజులు చాలు. బస్సు టికెట్టు చింపేశాను. దానికి సాయం లేకుండా పోకూడదు."

అప్పటిదాకా ఎలా బొంకుదామా అని ఆలోచిస్తున్న టెక్నీషియన్‌కి ఆ మాటతో కళ్లు నిండాయి. సిగ్గేసింది. కూడగట్టుకున్న అబద్ధాలన్నీ వదిలేసి, మిక్సీకి చుట్టిన దుప్పటితో మొదలుపెట్టి లేబుల్ దాకా మొత్తం చెప్పేశాడు.

అత్తగారు కాఫీ కప్పు కింద పెట్టింది.

"అంటే నాకేమీ లేదా?" అంది అత్తగారు. ఆ గొంతులో కాస్త వెలితి ఉంది.

"ఏమీ లేదండీ."

భార్య గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. "ఏమండీ! పొద్దున్నుంచి ఒక్క పేజీ చదవలేదు! అమ్మ సంగతి ఫోన్లో చెబితే మా సొంత అన్నయ్య ఊర్నుంచి ఏడుస్తూ బస్సెక్కేశాడు! కాఫీ అని రాయడానికి మీకు చెయ్యి రాలేదా?"

"కాఫీ అని రాస్తే నువ్వు పారబోస్తావని..."

టైలరు మెల్లగా బయటికి జారుకున్నాడు. చెప్పిన కబురు వెనక్కి తీసుకోవడం అతనికి అలవాటు లేని పని.

డాక్టరుగారు ఏదో ఒకటి చెయ్యాలని అత్తగారి చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. నమ్మకం కలగక రెండో చేతికి కూడా చూశాడు.

"నెలరోజుల్లో ఇంత బాగా ఎప్పుడూ రాలేదే! ఏం చేశారు?"

"మూడు కప్పులు తాగాను," అంది ఆవిడ.

డాక్టరుగారు పట్టీ విప్పేశాడు. "మీకు కాఫీకంటే కాఫీ లేదన్న కోపమే ఎక్కువ చెరుపు చేస్తున్నట్టుంది. సరే, పొద్దున్న ఒక్కసారి, అర కప్పు."

"నిండుగా."

"ముప్పాతిక."

"బడి పిల్లల్తో కూడా ఇంత బేరమాడలేదు. కానివ్వండి," అంది అత్తగారు.

అప్పుడావిడ, కేసులో సాక్ష్యం చూడందే వదలనని పట్టుబట్టింది. బియ్యం డబ్బా వెనకనుంచి గిన్నె వచ్చింది. మిగిలిన డికాషన్‌లో, మిగిలిన రెండు పాల ఐసు ముక్కలు వేసి, పొడుగాటి గాజు గ్లాసులో టెక్నీషియన్ తన చేతులతో అందించాడు. ఆవిడ కళ్లు మూసుకుని ఒక గుక్క తాగింది. మింగడానికి కొంత సమయం పట్టింది.

"దీనికంటే ఆ జబ్బే నయం అల్లుడుగారూ," అంది. తర్వాత గ్లాసు కింద పెట్టి, మెత్తగా అంది. "అయినా నా కోసం చీకటితో లేచారు. నా కొడుకు కూడా ఎప్పుడూ లేవలేదు."

ఆ మధ్యాహ్నమే కవలలు అమ్మమ్మ కనుసన్నల్లో బుద్ధిగా నిద్రపోయారు. భార్య పుస్తకం తెరిచింది. బస్సు దిగిన బావమరిదికి విషయం చెప్పి, భోజనం పెట్టి, అదే బస్సులో పంపించారు.

శనివారం ఉదయం టెక్నీషియన్ ఫ్రిజ్ తెరిచాడు. పాలగిన్నె పక్కన, తన బ్యాగులోంచి తీసిన కొత్త శాంపిల్ డబ్బాలో, నల్లటి డికాషన్ నిండుగా ఉంది. లేబుల్ మీద హెడ్మిస్ట్రెస్ గుండ్రటి చేతిరాత: "పేరు: అల్లుడుగారు. వయసు: 39. పురుషుడు. రోజూ ఉదయం ఒక గ్లాసు. అరకిలో పొడి అయిపోయేవరకు. చల్లగా ఉంచవలెను."

అతను తాగి, అలవాటు ప్రకారం సమయం వేసి, సంతకం పెట్టాడు.