నల్లా వార్త, రెండు గొంతులు

ఆ పొద్దున కావ్య ప్లాన్ ఒక్కటే. ఏడు గంటల వార్తల్లో హెడ్‌లైన్స్ తడబడకుండా చదివి, ఆ కుర్చీ తనదే అనిపించుకోవాలి. సుబేదారిలోని ఆ లోకల్ కేబుల్ ఛానల్లో చేరినప్పటి నుంచీ ఆమెకు దక్కినవి ఎండ, వాన, బంగారం ధర. పెద్ద వార్తలన్నీ సీనియర్ న్యూస్‌రీడర్ శ్యాంసుందర్‌వే. అడగ్గా అడగ్గా ఓనర్ దేవదాస్ ఇవాళ ఒక్క ఛాన్స్ ఇచ్చాడు.

మొదటి వార్త, పైపుల మరమ్మతు వల్ల సాయంత్రం ఒక పూట నల్లా రాదని. కావ్య చిరునవ్వుతో చదివింది. వెంటనే ఫోన్లు మోగాయి. చీర ఎక్కడ కొన్నారని ఒకామె, జాకెట్ ఎవరు కుట్టారని ఇంకొకామె. నీళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు.

"చూసినవా? ఆడామె చదివితే చీర చూస్తరు, మగాయన చదివితే వార్త వింటరు," అన్నాడు దేవదాస్. "శ్యాం, ఆ నల్లా ముచ్చట మళ్ల నువ్వు చదువు."

"నేను చదివింది గూడ వార్తనే గద సార్!" అంది కావ్య ఒళ్లు మండి. వినేవాళ్లేరీ?

శ్యాంసుందర్ మంచివాడే గానీ, పెళ్లి కబురు చెప్పినా ఎవరో పోయారనిపించే గొంతు ఆయనది. అదే కాగితం, అవే మాటలు. కనుబొమలు ముడిచి "నల్లా... రాదు" అనేసరికి సుబేదారి గుండె గుభేలుమంది. బిందెలు, డ్రమ్ములు, అటక మీది గంగాళాలు అన్నీ నల్లాల కిందికి చేరాయి. అందరూ ఒక్కసారే తిప్పడంతో ట్యాంకు కాస్తా ఖాళీ అయి, సాయంత్రం పోవాల్సిన నీళ్లు పొద్దున్నే పోయాయి. దాంతో ఆయన మాట మీద నమ్మకం రెట్టింపయింది. కొందరైతే స్నానాలకు స్టేషన్ ఘన్‌పూర్ చుట్టాల ఇళ్లకు బండ్లు తీశారు.

"జనం ఆగమైతాండ్రు! భయపడొద్దని చెప్పు శ్యాం!" అని అరిచాడు దేవదాస్.

"ప్రజలు... భయపడవద్దు," అన్నాడు శ్యాంసుందర్ అదే గొంతుతో. అప్పటిదాకా భయపడనివాళ్లు కూడా భయపడ్డారు. మల్లక్క అనే పెద్దామె ఫోన్లో ఏడ్చేసింది. "బిడ్డా, నిజం చెప్పుండ్రి, ఇగ నీళ్లే రావా?"

దేవదాస్ చేతులు జోడించాడు. "కావ్యా, జర నువ్వే చెప్పమ్మా."

"చెప్త సార్. రేపటి సంది హెడ్‌లైన్స్ నాయే."

"నీయే! ముందుగాల కూసో!"

"ఏం ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా, ఒక్క పూటనే," అంది కావ్య నవ్వుతూ. నల్లాలు కట్టేశారు, బండ్లు వెనక్కి తిరిగాయి. ఆమెకు నేల మీద కాలు ఆగలేదు.

మర్నాడు ఏడింటికి దర్జాగా కూర్చున్న కావ్య చేతికి మొదటి హెడ్‌లైన్ వచ్చింది. జనాన్ని హడలగొట్టినందుకు తమ ఛానల్‌కే అధికారుల నోటీసు. అద్దం అవతల దేవదాస్ వద్దు వద్దని చేతులూపుతున్నాడు. ఆమె ఒక్క ముక్క వదలకుండా, నవ్వు చెదరకుండా చదివింది.

ఊళ్లో ఎవ్వరూ కంగారు పడలేదు, దేవదాస్ తప్ప.