క్లోరినయ్య ఊపిరి

ఊరంతటికీ నీళ్లు శుద్ధి చేసి పంపే మనిషికి, సొంత ఇంట్లో బిందెడు నీళ్లు దొంగచాటుగా కాచుకునే గతి పట్టింది. ఇందులో శత్రువుల హస్తం ఏమీ లేదు. అంతా ఆయన నోటి చలవే.

ఆయన నీళ్ల ప్లాంటులో కెమిస్టు. చెరువు నీళ్లలో ఎంత క్లోరిన్ కలపాలో చెప్పేది ఆయనే కాబట్టి వీధి వీధంతా క్లోరినయ్య అంటుంది. ఎవరింటికి వెళ్లినా ఇచ్చిన గ్లాసు వాసన చూసి, "మనదే" అని మురిసిపోయే రకం.

ఒక ఆదివారం ఆ ఇంటికి ఒక డాక్టరమ్మ వచ్చింది. చేతిలో పెట్టె, పెట్టెలో వెండి రంగు సంచులు.

"నీళ్లలో కుళ్లిన ఆకుల మురికి ఎంతో కొంత ఉంటుంది కదండీ. క్లోరిన్ దాంతో కలిస్తే కొత్త రసాయనాలు పుడతాయి. అవి మనుషుల ఒంట్లోకి ఎంత చేరుతున్నాయో, ప్రమాదం లేని గీత దాటుతున్నాయో లేదో చూస్తున్నాం. చీటీలు తీస్తే మీ ఇల్లు వచ్చింది. వచ్చే ఆదివారం పొద్దున్నే మీ ఇద్దరి ఊపిరీ ఈ సంచుల్లో పట్టుకెళ్తాను."

"నీళ్లని పరీక్ష చేసుకోండమ్మా, మధ్యలో మనుషులెందుకు?" అన్నాడు క్లోరినయ్య.

"నీళ్లని మీరు చేస్తున్నారుగా సార్. మేం తాగేవాళ్లని కొలుస్తాం."

ఆవిడ అటు వెళ్లిందో లేదో, ఇటు అత్తగారి ఫోను. ఆవిడ పెరట్లో ఒక బావి ఉంది. దాని గొప్ప చెప్పడానికే ఆవిడ పుట్టిందని అల్లుడి అభిప్రాయం. అందుకే ఆయన మనసులో ఆవిడ పేరు బావి అత్తగారు.

"చూశావా తల్లీ!" అందావిడ కూతురితో, సంగతంతా విని. "ఆరో నెల కడుపుతో ఆ మందు నీళ్లు తాగుతున్నావు. కాన్పయ్యేదాకా నా దగ్గరికి వచ్చెయ్."

భార్య మొగుడి వంక చూసింది. మీరేమంటారు అన్నట్టుగా ఉంది ఆ చూపు.

క్లోరినయ్యకి రోషం పొడుచుకొచ్చింది. ఫోను లాక్కున్నాడు.

"అత్తయ్యగారూ, మాటంటే మాటే! ఈ ఇంట్లో ఎవరి ఊపిరి లెక్క గీత దాటినా, వాళ్లు మూటాముల్లె సర్దుకుని మీ దగ్గరికి వచ్చేస్తారు. నేను పల్లెత్తు మాట అనను."

"ఎవరిదైనా?"

"ఎవరిదైనా!"

పొద్దున్న అన్న మాట సాయంత్రానికి గొంతుకి అడ్డం పడింది. ప్లాంటులో లెక్కలన్నీ సవ్యంగానే ఉన్నాయి. కానీ వంటింట్లో భార్య ఒక చెయ్యి కడుపు మీద ఆనించి, రెండో చేత్తో గ్లాసెత్తి గడగడా తాగుతుంటే ఆయన గుండె జారిపోయింది. ఒకవేళ గీత దాటితే? ఆవిడ వెళ్లిపోతుంది. ఆవిడ లేని ఇల్లు తల్చుకోవడానికే ఆయనకి భయం. మరి బిడ్డ సంగతి? ఆ భయం దీనికి తాత.

కెమిస్టు కాబట్టి ఉపాయం తట్టింది. ఆ రసాయనాలకి వేడి గిట్టదు. మూత లేకుండా నీళ్లు తెర్ల కాస్తే చాలా మటుకు ఆవిరితో పాటే లేచిపోతాయి. అయితే వంటింట్లో కాస్తే, 'మీ నీళ్ల మీద మీకే నమ్మకం లేదా?' అని ఆవిడ అడుగుతుంది. అందుకని బాత్‌రూం.

తెల్లవారగానే బిందెలో నీళ్లు స్టీలు బకెట్లో పోసి, హీటరు రాడ్డు పెట్టి, స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. కిటికీ తెరిస్తే ఆవిరి పక్కింటి పిన్నిగారి బాల్కనీలోకి పోతుంది. ఆవిడ చూసిందంటే ఊరు చూసినట్టే. కిటికీ బిగించాడు. తలుపు కింద తువ్వాలు కుక్కాడు.

"ఏమండీ, ఇంకా ఎంతసేపు?"

"కడుపు బాగాలేదే!"

మర్నాడూ అదే తలుపు, అదే ప్రశ్న.

"నిన్న కూడా ఇదే అన్నారు?"

"నిన్నటిదే ఇంకా ఉంది!"

పాపం ఇల్లాలు పత్యం మొదలుపెట్టింది. పొద్దున్న ఉప్పులేని జావ. రాత్రి, మార్పు కోసం, పల్చటి జావ. తను మాత్రం ఎదురుగా కూర్చుని వేయించిన బంగాళాదుంపలు కరకరలాడించింది.

"ఒక్క ముక్క..."

"వద్దండీ. మీ కడుపు సంగతి నాకు తెలీదూ?"

చల్లారిన నీళ్ల బిందె మీద తువ్వాలు కప్పి వంటింటికి చేరవేస్తుంటే నడవాలో ఎదురైంది.

"ఏమిటది?"

"తువ్వాలు."

"దాని కింద?"

"ఇంకో తువ్వాలు."

ఆవిడ పక్కకి తప్పుకుని దారిచ్చింది. గండం గడిచిందనుకున్నాడు. మర్నాడు ఫ్యూజు ఎగిరిపోయి ఇల్లంతా కరెంటు పోయింది.

"బాత్‌రూంలో కూర్చుంటే ఫ్యూజెలా పోతుందండీ?"

"నన్నడిగితే? నేను కెమిస్టుని, ఎలక్ట్రీషియన్ని కాదు!"

పరీక్ష రోజున, ఎందుకైనా మంచిదని వరసగా రెండు బకెట్లు కాచాడు. రెండోది కుతకుతలాడుతుండగా కాలింగ్ బెల్లు మోగింది. డాక్టరమ్మ చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది. రాడ్డు పీకి, ఉడికిన దుంపలా ఎర్రబడి, చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చి సంచిలోకి ఊదాడు. తర్వాత భార్య ఊదింది. ఆ సంచికి మూత బిగిస్తున్నంతసేపూ ఆయన ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

ఫలితం వచ్చేదాకా ముద్ద దిగలేదు. దిగేది జావే కాబట్టి నష్టం కూడా లేదు. ఒక సాయంత్రం డాక్టరమ్మ కాగితాలతో వచ్చి కూర్చుంది.

"మేడంగారి లెక్క గీతకి చాలా కింద ఉంది. నిశ్చింతగా ఉండండి."

క్లోరినయ్య కుర్చీలోంచి లేచాడు. తనే ఫోను చేసి, అందరికీ వినబడేట్టు స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. "అత్తయ్యగారూ, వినండి! మీ అమ్మాయి ఎక్కడికీ రాదు!"

"సార్, ఒక్క మాట," డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "మీరేమైనా రోజూ ఈతకొలనుకి వెళ్తున్నారా?"

"నాకు ఈతే రాదు."

"మీ లెక్క గీత దాటి చాలా పైకి పోయింది. తాగితే ఇంత రాదు, పీలిస్తేనే వస్తుంది. మూసిన గదిలో మరిగే నీళ్ల పక్కన కూర్చుంటే తప్ప..."

నీళ్లలోంచి వెళ్లగొట్టిందంతా ఎటు పోయిందో కెమిస్టుకి అప్పుడు అర్థమైంది.

"రోజూ కూర్చుంటారండీ," అంది భార్య. "కిటికీ బిగించి, తలుపు కింద తువ్వాలు కుక్కి మరీ."

"నీకు తెలుసా?"

"కడుపు బాగాలేని మనిషి బకెట్టూ రాడ్డూ పట్టుకుని వెళ్తాడా? ఏదో పిచ్చిపని అనుకున్నాను గానీ, ఇలా పీలుస్తున్నారని తెలిస్తే తలుపు విరగ్గొట్టేదాన్ని."

"మరి జావ?"

"అది అబద్ధానికి పత్యం."

క్లోరినయ్య ఆఖరి గడ్డిపోచ పట్టుకున్నాడు. "ఏదైతేనేం, నేను కాచిన నీళ్ల వల్లేగా నీ లెక్క తగ్గింది!"

ఆవిడ బాల్కనీలో పూలకుండీల వైపు చూపించింది. "మీ నీళ్లు చప్పగా ఉన్నాయండీ, పైగా సబ్బు వాసన. మొదటి రోజు నుంచీ వాటికే పోస్తున్నాను. నేను తాగింది కుళాయి నీళ్లే."

"భయం వెయ్యలేదుటే?"

"మీరు చూసి పంపే నీళ్లు కదా. నాకెందుకు భయం?"

సిగ్గు, సంతోషం ఒక్కసారే ముంచుకొచ్చి ఆయన కళ్లు చెమర్చాయి. ఊళ్లో ఎవరూ ఇవ్వని మెప్పు అది. తను మాత్రం ఆ నీళ్లని ఒక్క వారం నమ్మలేకపోయాడు.

"కిటికీ తెరిచి ఉంచండి సార్, మీ లెక్క త్వరలోనే దిగిపోతుంది," అని డాక్టరమ్మ కాగితాలు సర్దుకుంది.

అందరూ మర్చిపోయిన ఫోను అప్పుడు నోరు విప్పింది. "అల్లుడుగారూ, ఎవరిదైనా అన్నారు."

వారం రోజులు సెలవు పెట్టి క్లోరినయ్య బస్సెక్కాడు. సంచి సర్దింది భార్యే. అందులో తువ్వాళ్లు మాత్రం పెట్టలేదు.

అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చి బావి నీళ్లు చేతికిచ్చింది. అలవాటు కొద్దీ వాసన చూడబోయి, ఆవిడ మొహం చూసి గుటుక్కున మింగేశాడు.

"కాళ్లు కడుక్కుని రండి, వడ్డించేస్తాను," అందావిడ ఆప్యాయంగా. "మీ కడుపు ఇంకా కుదుటపడలేదని అమ్మాయి ఫోను చేసింది. జావ కాచి ఉంచాను."