జీర్ణవ్యవస్థలో చైర్మన్ గారు

ఇకనుంచి వికారాబాద్ జిల్లాలో ఏ విద్యార్థీ బట్టీ పట్టడని, ప్రతి ఒక్కరూ సొంతంగా ఆలోచిస్తారని జిల్లా డిజిటల్ విద్యా మండలి చైర్మన్ అమర్‌నాథ్ గారు తాండూరులో ప్రకటించారు. ఆ ప్రకటనకు ఫ్లెక్సీ కొట్టింది నేనే కాబట్టి అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నాను. మర్నాడే బాలికల బడిలో ఆన్‌లైన్ మైండ్ మ్యాప్ ప్రారంభోత్సవం.

మైండ్ మ్యాప్ అంటే బ్రహ్మవిద్య కాదు. తెర మధ్యలో ఒక గుండ్రం, అందులో అసలు విషయం. చుట్టూ గీతలు, గీతల చివర చిన్న గుండ్రాలు. సైన్సు టీచర్ వైశాలి మేడం నేర్పితే, పదో తరగతి అంబిక జీర్ణవ్యవస్థ మీద ఒకటి చేసింది. మధ్యలో జీర్ణాశయం, చుట్టూ కాలేయం, క్లోమం, పేగులు. అంబిక వాళ్లది కోట్‌పల్లి దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. జిల్లా సైన్సు పరీక్షలో ఫస్టు వస్తే ఇంటర్ చదువు, హాస్టల్ ఉచితం. రాకపోతే గొర్రెల వెంట పోవడమే.

చైర్మన్ గారు బటన్ నొక్కారు. తెర వెలిగింది. ఆయన అనుచరుడు రాజేందర్ ముఖం మాడిపోయింది.

"నడుమ సార్ లేడేంది?"

"అది జీర్ణాశయం అండీ," అన్నారు మేడం.

"ఏదన్న గానీ మేడం, నడుమ గుండ్రం సార్‌ది. గీ ప్రోటోకాల్ గూడ తెల్వదా? జర శ్రీశైలాన్ని పిలువుండ్రి."

శ్రీశైలం అంటే నేను. పదిహేనేళ్లుగా తాండూరు ఫ్లెక్సీల మీద ఎవరి తల ఎంత సైజులో, ఎవరి పక్కన ఉండాలో తేల్చేది నేనే. నా విద్యకు బడిలో కూడా చోటు దొరికినందుకు పొంగిపోయాను.

జీర్ణాశయంలో చైర్మన్ గారిని నమస్కారం పెడుతున్న ఫోటోతో కూర్చోబెట్టాను. మ్యాప్ లింకు అందరికీ పంపడంతో సాయంత్రానికి అనుచరులంతా ఫోన్లలోంచి లోపలికి వచ్చేశారు. పరిగి ఇన్‌చార్జి కాలేయం తీసుకున్నాడు. మోమిన్‌పేట్ ఆయన క్లోమంలో సర్దుకున్నాడు. పెద్దపేగు కోసం ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. చిన్నపేగు ఇచ్చారని రాజేందర్ అలిగి అన్నం మానేశాడు. పెద్దదానికన్నా అదే పొడుగని మేడం చెప్పాకే ప్లేటు ముట్టాడు. అన్నిటికన్నా చివరి గుండ్రానికి ఎవరూ ముందుకు రాలేదు. దాన్ని ప్రతిపక్షానికి కేటాయిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించాం.

అంబిక నా దగ్గరికి వచ్చింది. "జీర్ణాశయం యాడవాయె కాకా?"

"సార్ ఉన్నడు గద బిడ్డా."

"సార్ అన్నం అరిగిస్తడా?"

"అడిగి చెప్త," అన్నాను.

మేడం మర్నాడు క్లాసులో పాత మ్యాపే చూపించారు. మధ్యాహ్నానికి మెమో వచ్చింది. ఆ తర్వాత జిల్లాలోని బడులన్నిటికీ కొత్త మ్యాపే వెళ్లింది. "ఆహారం అన్నవాహిక ద్వారా సార్‌ను చేరును" అని పిల్లలు రాగం తీసి వల్లె వేస్తుంటే చైర్మన్ గారి కళ్లు చెమర్చాయి.

పరీక్షలో అదే అడిగారు: జీర్ణవ్యవస్థ పటం గీసి, భాగాలు గుర్తించుము.

పేపర్లు మండలి ఆఫీసులోనే దిద్దారు. ఫలితాల ఫ్లెక్సీ ఆర్డరు నాకే వచ్చింది. రాసినవాళ్లు దాదాపు అంతా పాసే. చైర్మన్ గారి మీసం కూడా మర్చిపోకుండా గీసిన అంకిత అనే అమ్మాయికి జిల్లా ఫస్టు. ఆమె ఫోటోను ఆయన ఫోటో పక్కన పేరుస్తుండగా అంబిక షాపులోకి వచ్చి తన పేపరు నా బల్ల మీద పరిచింది.

"గిది జూడు కాకా. ఇగ నేను గొర్లకాడికే."

నాకు సిగ్గేసింది. ఆ పిల్ల ముఖం చూడలేక పేపరు వైపే చూశాను. జీర్ణాశయం, కాలేయం, పేగులు ఎక్కడుండాల్సినవి అక్కడ ముద్దుగా ఉన్నాయి. పైన సున్నా. దాని కింద ఎర్ర సిరాతో ఒక వాక్యం:

"విద్యార్థినికి మానవ శరీరం గురించి కనీస అవగాహన లేదు."