జడ్జీ కాలికి అయస్కాంతం

ఆదివారం పొద్దున స్వారీ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. జడ్జీని లాయంలోంచి బయటికి తేవాలి, అందరూ చూస్తుండగా మైదానం చుట్టూ ఒక్కసారి పరుగెత్తించాలి, బావమరిది ముఖం మాడిపోతుంటే తీరిగ్గా కాఫీ తాగాలి. ఇందులో తప్పడానికి ఏముందని ఆయన నిశ్చింతగా గడ్డం గీసుకున్నాడు.

జడ్జీ అంటే గుర్రం. ఏం చెప్పినా కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, ఆనక తల అడ్డంగా ఊపుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. మాస్టారి స్వారీ బడిలో ఇంకో రెండు గుర్రాలున్నాయి గానీ, పిల్లల్ని కింద పడేయడం తప్ప వాటికి వేరే సరదా లేదు. కన్నవాళ్లు ధైర్యంగా పిల్లల్ని ఎక్కించేది జడ్జీ మీదే. అలాంటి జడ్జీ ఓ రోజు ముందు ఎడమ కాలు కుంటడం మొదలుపెట్టింది.

పశువుల డాక్టరమ్మ వచ్చి కాలు తడిమి చూసింది. "నరం బెణికింది మాస్టారూ. ఆరు వారాలు విశ్రాంతి. ఎవరూ ఎక్కకూడదు. రోజూ కాలికి చన్నీళ్లు పట్టండి."

"మరి మందు?"

"అదే మందు."

ఈ మాత్రం చెప్పడానికి అన్నేళ్లు చదవాలా అని మాస్టారు లోపల గొణుక్కుని, అప్పటికప్పుడు గుర్రాలకు కట్టే అయస్కాంతం పట్టీలు తెప్పించాడు. పట్టీల లోపల వరసగా చిన్న జేబులు, జేబుల్లో నల్లటి బిళ్లలు. పెట్టె మీద 'మూడింతల శక్తి' అని పెద్దక్షరాలతో ఉంది. కింద చిన్నక్షరాలతో, పట్టీలు కట్టినన్నాళ్లూ గుర్రాన్ని ఎక్కరాదని, రోజూ చన్నీళ్లతో కాలు కడగాలని ఉంది.

"చూశావా, వైద్యమంటే ఇదీ!" అన్నాడు భార్యతో.

"డాక్టరమ్మ చెప్పింది కూడా అదే కదండీ?"

"ఆవిడ వట్టి నోటితో చెప్పింది. వీళ్లు పెట్టెతో సహా చెప్పారు."

ఆ రోజు నుంచి మాస్టారు తెల్లారితే జడ్జీ కాలి దగ్గరే ఉండేవాడు. వాపు తగ్గిందనేవాడు, అడుగు తేలికపడిందనేవాడు, కళ్లలో కళ వచ్చిందనేవాడు. ఎదురుపడిన ప్రతివాడికీ అయస్కాంతం గురించి చెప్పి చెప్పి, జనం ఆయన్ని చూడగానే పక్క సందులోకి తిరిగిపోయే పరిస్థితి తెచ్చుకున్నాడు. భార్య ఒకసారి తనకూ మోకాళ్లు పీకుతున్నాయని అంటే, "కాపడం పెట్టుకో" అని జడ్జీ దగ్గరికి వెళ్లిపోయాడు.

బావమరిదికి సిమెంటు కొట్టు ఉంది. బావని ఎలాగైనా ఆ కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాలని అతని కోరిక. ప్రేమ కొద్దీ అని అందరికీ చెబుతాడు గానీ, బావ చేత 'అలాగే ఓనరుగారూ' అనిపించుకోవాలని అసలు సరదా. అయస్కాంతం సంగతి వినగానే అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. మాస్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది. చివరికి పందెం ఇలా కుదిరింది: ఆరు వారాలు నిండిన ఆదివారం జడ్జీ కుంటితే మాస్టారు బడి మూసేసి సోమవారం నుంచి సిమెంటు కొట్లో కూర్చోవాలి. కుంటకుండా పరుగెడితే బావమరిది నెల్లాళ్లు స్వయంగా లాయంలో పేడ ఎత్తాలి. తీర్పు డాక్టరమ్మది.

పౌరుషంలో ఒప్పుకున్నాడే గానీ, సిమెంటు బస్తాల మధ్య కూర్చున్నట్టు తల్చుకుంటే మాస్టారికి ముద్ద దిగేది కాదు. గుర్రాలు తప్ప ఆయనకి ఇంకో పని రాదు, వచ్చినా బతకలేడు.

అందుకే శనివారం రాత్రి జడ్జీ గదికున్న నడుమెత్తు సగం తలుపుకి తాళం వేశాడు, బావమరిది లోపలికి దూరి గుర్రానికి ఏమైనా చేస్తాడేమోనని. పొద్దున తాళాల గుత్తి తెచ్చి తలుపు పక్క ముక్కాలిపీట మీద పెట్టి, చెప్పులు మార్చుకోవడానికి ఇంట్లోకి వెళ్లాడు.

అప్పుడే మాస్టారి భార్య ఏప్రన్ పైకి దోపుకుని నీళ్ల బకెట్టుతో అటు వచ్చింది. పీట పక్కనుంచి వెళ్తుంటే టక్‌మని చప్పుడైంది. చూసుకుంటే తాళాల గుత్తి ఆవిడ కుడి మోకాలికి అతుక్కుని వేలాడుతోంది.

ఎందుకో ఆవిడకి వెంటనే అర్థమైంది. సంగతేమిటంటే, మొదటి వారంలోనే పట్టీలు కంపు కొడుతున్నాయని ఉతకబోయి బిళ్లలు బయటికి తీసింది. తీశాక, ఇంత గుర్రానికి పనిచేసేవి నాకు చెయ్యవా అనిపించింది. పట్టీల జేబుల్లో పాత కోట్ల గుండీలు వేసి కుట్టేసి, బిళ్లలన్నీ తన మోకాలి తొడుగుల్లో దాచుకుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగా మధ్యలో ఈ పందెం వచ్చిపడింది.

గుత్తి లాగితే ఊడలేదు. ఇంతలో బావమరిది రావడంతో గబుక్కున ఏప్రన్ కిందికి దించేసింది. అతను కారు తాళం పీట మీద పడేసి, "సిద్ధమేనా బావా?" అని కేకేస్తూ ఇంటివైపు వెళ్లాడు. ఇదే అదను అనుకుని ఆవిడ ఏప్రన్ ఎత్తి, గుత్తిని పీట మీద విదిలించుకోబోయింది. గుత్తి ఊడకపోగా కారు తాళం కూడా ఎగిరొచ్చి ఎడమ మోకాలికి అంటుకుంది. డాక్టరమ్మ వచ్చి పట్టీలు విప్పడానికి కత్తెర తీసి పీట మీద పెట్టింది. డాక్టరమ్మ అటు తిరగగానే మాస్టారి భార్య మళ్లీ ప్రయత్నించింది. కత్తెర కూడా చేరింది.

మాస్టారు వచ్చి పీట చూశాడు. పీట ఖాళీగా ఉంది.

"నా తాళాలేవి?"

"నా కారు తాళమేది?"

"నా కత్తెర ఇక్కడే పెట్టానే!"

మాస్టారు బావమరిది వైపు తిరిగాడు. "ఓడిపోతానని తెలిసి తాళాలు దాచేశావా? ఇదేం బుద్ధిరా?"

"నేనా? గుర్రం కుంటుతోందని బయటికి తీయడానికి భయపడి నువ్వే దాచావు! నేను వెళ్లిపోకుండా నా కారు తాళం కూడా కొట్టేశావు!"

"నీ కారు నాకెందుకురా, గడ్డి మోయడానికా?"

"నా కత్తెర ఎవరు తీసినా ఇచ్చేయండి బాబూ, నాకింకా రెండు ఆవులున్నాయి," అంది డాక్టరమ్మ.

బావా బావమరుదులు ఒకరి జేబులు ఒకరు తడుముకునే దాకా వచ్చింది. మాస్టారి భార్య ఇదే సమయమని మెల్లగా వంటింటి వైపు జారుకుంది. అడుగేస్తే గల్లు, అడుగేస్తే గల్లు.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు మాస్టారు.

"నా మోకాళ్లండీ. వయసొస్తోందిగా!"

డాక్టరమ్మ నొసలు చిట్లించింది. "అమ్మా, ఎముకల్లోంచి అలాంటి చప్పుడు రాకూడదు. ఒకసారి ఆగండి."

ఆగితే కొంప మునుగుతుందని ఆవిడ అడుగు వేగం పెంచింది. వంటింటికి వెళ్లాలంటే లాయం ఇనుప గేటు దాటాలి. ఒక కీలు ఊడిపోయి చాలాకాలంగా కుంటుతూ తెరుచుకునే గేటు అది. ఆవిడ పక్కగా నక్కి దాటబోతుంటే ధడేల్‌మని రెండు మోకాళ్లూ దానికి అతుక్కున్నాయి. ఆవిడ ముందుకి లాగితే గేటు ఆవిడతో పాటు వచ్చింది, గేటు వెనక్కి పోతే ఆవిడ గేటుతో పాటు పోయింది.

"ఏవండోయ్! గేటు నన్ను వదలట్లేదు!"

అందరూ పరుగెత్తారు. మాస్టారు ఒక చెయ్యి, బావమరిది ఒక చెయ్యి పట్టుకుని లాగారు. తొడుగుల కుట్లు పటపటా తెగాయి. బిళ్లలు గేటుకే ఉండిపోయాయి, తాళాలూ కత్తెరా ఎగిరి నీళ్ల బకెట్టులో పడ్డాయి, విడిపడిన గేటు విసురుగా వెళ్లి గోడకి కొట్టుకుంది. ఆ మోతకి లోపల కునుకు తీస్తున్న జడ్జీ అదిరిపడి లేచి, తాళం వేసిన సగం తలుపు మీంచి ఒక్క దూకు దూకింది. అందరి తలలూ దాని వెంటే తిరుగుతుండగా మైదానం చుట్టూ దౌడు తీసి, మళ్లీ వచ్చి తలుపు ముందు నిలబడి, తల అడ్డంగా ఊపింది.

"కుంటలేదు," అంది డాక్టరమ్మ. "కానీ దూకమని మాత్రం నేను చెప్పలేదు."

మాస్టారు చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాడు. "చూశారా! చూశారా అయస్కాంతం మహిమ! ఒరేయ్, పార పట్టుకో!"

"అయస్కాంతం ఇదిగో, ఇక్కడుందండీ," అంది భార్య గేటుకేసి చూపించి. "దాని కాలికున్నవి మీ పాత కోటు గుండీలు."

మాస్టారు పట్టీ విప్పి చూశాడు. గుండీలే. పందెం గెలిచినందుకు సంతోషించాలో, వాదం ఓడినందుకు ఏడవాలో తెలియక గుండీల్ని ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"మరి గుండీలతో నయమైందా?" అన్నాడు చివరికి.

"ఎవరూ ఎక్కలేదు, రోజూ నీళ్లు పట్టారు. నేను చెప్పిందే కదా చేశారు!" అంది డాక్టరమ్మ. ఆనక మాస్టారి భార్య వైపు తిరిగింది. "మీ సంగతేంటమ్మా? ఇన్నాళ్లు అయస్కాంతం కట్టుకున్నారుగా, నొప్పి తగ్గిందా?"

"ఎక్కడమ్మా! రోజూ బకెట్లు మొయ్యడం, గడ్డి దించడం. మెట్లెక్కుతుంటే కళ్లలో నీళ్లొస్తున్నాయి. కుడి కాలు కుంటుతున్నాను కూడా."

రోజూ గుర్రం కాలి ముందు కూర్చుని అడుగు అడుగూ లెక్కపెట్టిన తనకి, పక్కనే బకెట్టు పట్టుకుని కుంటుతూ తిరిగిన మనిషి కనబడలేదని మాస్టారికి అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఆయన ముఖం కందిపోయింది. వెళ్లి తన కుర్చీ తెచ్చి భార్యకి వేశాడు.

"నేను పశువుల డాక్టర్ని, మనుషులకి చెప్పకూడదు," అంది డాక్టరమ్మ బకెట్టులోంచి కత్తెర తీసుకుంటూ. "అయినా కాళ్లు కాళ్లే. ఆరు వారాలు కూర్చోండి."

ఆ ఆరు వారాలూ నీళ్లు మాస్టారు మోశాడు, వంట మాస్టారు మాడ్చాడు. బావమరిది నెల్లాళ్లు పేడ ఎత్తాడు. ఇద్దరికీ నడుములు పట్టేశాయి గానీ ఆవిడ మోకాళ్లు మాత్రం నయమయ్యాయి. మైదానానికి వచ్చినవాళ్లందరికీ మాస్టారు ఇప్పుడు విశ్రాంతి తానే కనిపెట్టినట్టు చెబుతున్నాడు. అయస్కాంతం బిళ్లల్ని ఎవరూ ఊడబెరకలేక గేటుకే వదిలేశారు. మూడింతల శక్తితో అక్కడే ఉన్నాయి, గేటింకా కుంటుతూనే ఉంది.