నర్సాపూర్ నుంచి ఎంక్వయిరీ

ఆ ఆదివారం పొద్దున జయానందం వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. చర్చికి వెళ్లాలి, వచ్చేటప్పుడు మటన్ తేవాలి, తిని కాసేపు నడుం వాల్చాలి, ఎండ తగ్గాక కాలేజీ గ్రౌండుకు వెళ్లి ప్రాక్టీసు చూడాలి. చౌరస్తా దగ్గర ఆయనకు కళ్లద్దాల దుకాణం ఉంది. ఇల్లు గడిచేది దానితో. మిగతా ప్రాణమంతా మంజీరా ఫుట్‌బాల్ క్లబ్బులో ఉండేది. దానికి ఆయన సెక్రటరీ.

"హోటల్ల కూసుండి ఫుట్‌బాల్ ముచ్చట పెట్టకుండ్రి," అని భార్య పెర్సిస్ గేటు దాకా వచ్చి చెప్పింది. "మీరు లేచేటాలకు మటన్ షాపుల బొక్కలే మిగుల్తయ్."

"ఇయ్యాల హోటల్ దిక్కే పోను," అన్నాడు జయానందం. ఆ మాట అన్నప్పుడు ఆయనకు నిజంగానే ఆ ఉద్దేశం ఉంది.

ప్రార్థన అయి బయటికి వచ్చేసరికి గేటు ముందు స్కూటర్ మీద వాహెద్ కూర్చుని ఉన్నాడు. వాహెద్‌కు వెల్డింగ్ షాపు ఉంది. క్లబ్బులో వైస్ ప్రెసిడెంటు. బడిలో చదివిన నాటి నుంచీ జయానందానికి దోస్తు. ఇంత కాలంలో ఇద్దరూ ఏ ఒక్క విషయం మీదా ఏకాభిప్రాయానికి వచ్చిన గుర్తు లేదు.

"భాయ్, రాజేందర్ పోతుండు," అన్నాడు వాహెద్.

"ఎక్కడికి?"

"నర్సాపూర్. నిన్న గూడ అక్కడి బస్‌స్టాండ్ల నా కండ్లతోటి చూసిన. ఇస్త్రీ అంగీ, తల దువ్వుకొని, సెంటు కొట్టుకొని నిలవడ్డడు. మన ప్రాక్టీసుకు గట్ల ఎన్నడన్న వచ్చిండా? నర్సాపూర్ టీమోళ్లతోటి మాట్లాడుకుంటుండు. పక్కా."

జయానందం మటన్ సంగతి మరిచిపోయాడు. కాసేపటికి ఇద్దరూ హోటల్‌లో ఉన్నారు.

రాజేందర్ ట్రాక్టర్ మెకానిక్. ఎడమ కాలికి బంతి దొరికిందంటే గ్రౌండు చుట్టూ నిలబడ్డవాళ్లు నోట్లో పల్లీలు నమలడం ఆపేస్తారు. అంతటి ఆటగాడు మెదక్‌లో ఈ మధ్య కాలంలో పుట్టలేదు. అయితే మనిషితో వేగడం కష్టం. ప్రాక్టీసుకు చెప్పిన వేళకు రాడు. పోయిన ఏడు తను కొట్టిన గోలును ఆఫ్‌సైడ్ అన్నందుకు రెఫరీ చొక్కా పట్టుకున్నాడు. మరోసారి సొంత గోల్‌కీపర్ మీద అలిగి, ఆట నడుస్తుండగానే గ్రౌండు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎంత బతిమాలినా లేవలేదు.

"పోనియ్ భాయ్," అన్నాడు వాహెద్. "మనకు ఆటగాడు గావాలె, అలిగే అల్లుడు గాదు. గాయన్ని ఓదార్చుడుకే సగం టీం పరేషాన్ అయితుంది."

"వచ్చే ఆదివారం సెమీఫైనల్ పెట్టుకొని పోనియ్ అంటవా? గోలు నీ వెల్డింగ్ మిషిన్ కొడ్తదా?"

"గోల్ కొడ్తడు, సరే. గోల్ కొట్టినంక ఎవర్ని కొడ్తడో గా సంగతి చెప్పు."

హోటల్‌లో ఉన్నవాళ్లు చాయ్ గ్లాసులు పట్టుకుని చెరో పక్కకు చేరారు. ఉంచాలన్నవాళ్లు, పంపాలన్నవాళ్లు దాదాపు సమానంగా తేలారు. వాదన తెగకపోవడంతో వాహెద్ విసుగొచ్చి, ఎవరో గేటు వెల్డింగ్‌కు వస్తారని షాపుకు వెళ్లిపోయాడు.

అతను వెళ్లిన కాసేపటికి తెల్ల చొక్కా, చంకలో సంచీతో ఒక పెద్దమనిషి లోపలికి వచ్చి, గల్లా దగ్గర ఏదో అడిగాడు. గల్లా మీద కూర్చున్న మనిషి జయానందం వైపు చూపించాడు.

"నమస్తే సార్. నా పేరు రఘుపతి. మాది నర్సాపూర్," అంటూ ఆ పెద్దమనిషి ఎదురుగా కూర్చున్నాడు. "రాజేందర్ అనే పిలగాడు మీకు బాగ ఎరుకంట గద. ఆయన్ని మా దిక్కు తీసుకుందమనుకుంటున్నం. గందుకే జర ఎంక్వయిరీకి వచ్చిన."

జయానందం ఆయనకో చాయ్ చెప్పి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. వాహెద్ చెప్పింది నిజమే. నర్సాపూర్ క్లబ్బు వాళ్లు ఏకంగా మనిషినే పంపారు. జీవితంలో పెద్దగా అబద్ధాలాడిన మనిషి కాదాయన. ఇప్పుడు కూడా ఆడదలచుకోలేదు. నిజాన్ని కొంచెం గట్టిగా చెబితే చాలుననుకున్నాడు.

"మీరు ఎందుకొచ్చిన్రో నాకు సమజైంది," అన్నాడు. "దాపెట్టుడెందుకు, ఉన్నదున్నట్టు చెప్తా."

"గదే గావాలె సార్. ఒక్కదగ్గర నిలకడగా ఉండే పిలగాడేనా?"

"నిలకడా? ముందుగాల పాపన్నపేటోళ్లతోటి ఉండె. ఏడాది తిరగకముందే ఒదిలేసిండు. ఆ తర్వాత రేగోడ్ వాళ్లను పట్టుకున్నడు. వాళ్లను గూడ నడిమిట్ల ఇడిచిపెట్టి వచ్చిండు."

రఘుపతి చేతిలోని చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆగింది. "అంటే... ఇంతకుముందే రెండైనయా?"

"నాకు తెల్సినయి రెండు."

"మరి వాళ్లు ఊకున్నరా? కేసు గిట్ల పెట్టలేదా?"

"కేసెందుకు పెడ్తరు? పీడ పోయిందనుకున్నరు."

రఘుపతి గ్లాసు కింద పెట్టి జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "కోపం సంగతి?"

"కోపమొస్తే పెద్దా చిన్నా చూడడు. తప్పొప్పులు చెప్పనీకి వచ్చిన మనిషి చొక్కా పట్టి గుంజిండు. అందరి ముంగట. అలిగిండంటే ఇగ ఉన్నకాడనే కూసుంటడు, లేవడు. పానం గూడ అంతంతే. ఎడమ మోకాలికి పట్టీ లేంది అడుగు పడదు."

"ఇప్పుడు ఎవలతోటి ఉంటుండు మరి?"

"ఎవలతోటి ఏంది, మాతోటే! మూడేండ్ల నుంచి మా దగ్గర్నే ఉన్నడు. బట్టలు, బూట్లు, దెబ్బ తగిలితే దవాఖాన, అన్ని మేమే చూసుకుంటున్నం." జయానందం ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఒక్క ముచ్చట చెప్తా ఇనుండ్రి. ఎన్ని ఉన్నా వాడు మావోడు. మేము ఒదలం. ఊరంత ఎరుకే."

రఘుపతి సంచీ చంకలో పెట్టుకున్నాడు. లేచి దండం పెట్టి వెళ్లిపోయాడు. జయానందం ఇంకో చాయ్ చెప్పి, క్లబ్బును కాపాడిన తృప్తితో నిదానంగా తాగాడు.

రఘుపతి జన్మలో ఫుట్‌బాల్ ముట్టుకున్న మనిషి కాదు. నర్సాపూర్‌లో మమత అనే అమ్మాయికి మేనమామ. తండ్రి లేని పిల్ల కాబట్టి పెళ్లి పెద్ద ఆయనే. రాజేందర్ సంబంధం గురించి వాకబు చేసుకుందామని పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు.

ఒక్కరి మాట మీదే ఆధారపడకూడదని ఆయన ఇంకొకరిని అడిగాడు. ఆ ఇంకొకరు వాహెద్. నర్సాపూర్ అనే మాట చెవిన పడగానే వాహెద్ వెల్డింగ్ ఆపి, కళ్లకున్న అద్దాలు నెత్తి మీదికి జరిపాడు.

"తీస్కపోండ్రి సాబ్!" అన్నాడు చేతులు పట్టుకుని. "మస్తు పిలగాడు. బంగారం. ఇయ్యాలనే తీస్కపోండ్రి. మేము ఒక్క మాట అనం. కావాలంటే బస్టాండ్ దాక నేనే దింపుతా."

రఘుపతికి మిగిలిన కాస్త ఆశ కూడా పోయింది. ఒకాయన ప్రాణం పోయినా వదలనంటాడు. ఇంకొకాయన పుణ్యముంటుంది, తీసుకుపొమ్మంటాడు. ఇందులో ఏదో పెద్ద కథే ఉందనుకున్నాడు. బస్‌స్టాండు నుంచే రాజేందర్ తల్లికి ఫోన్ చేసి, ఈ సంబంధం తమకు వద్దని, ఎందుకో కూడా వివరంగా చెప్పి, దొరికిన బస్సెక్కాడు.

జయానందం మటన్ పట్టుకుని ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం అయింది. పెర్సిస్ కవరు విప్పి చూసింది. అందులో ఉన్నవి బొక్కలే, ఎముకలు తప్ప కండ లేదు. ఆయన కంచం ముందు కూర్చున్న సమయానికి గేటు ధడాలుమని తెరుచుకుంది. రాజేందర్ తల్లి బాలనర్సమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తుంది. అక్కడి పసిపిల్లలందరినీ ఒక్క కేకతో నిద్రపుచ్చగల గొంతు ఆమెది.

"సారూ, మీ బిడ్డను బయటికి పిలువుండ్రి. ఒక్కసారి నా కండ్లతోటి చూస్తా!"

"ఏ బిడ్డ?" అంది పెర్సిస్.

"ఏ బిడ్డనా? నా కొడుకును మూడేండ్ల నుంచి ఇంట్ల పెట్టుకున్నరంట గద! బట్టలు మీరే, బూట్లు మీరే! అంతకుముందు పాపన్నపేటల ఒకామె, రేగోడ్‌ల ఒకామె ఉన్నదంట! కన్న తల్లిని, నాకు చెప్పొద్దా? నర్సాపూర్ నుంచి వచ్చినాయనకు మీ నోటితోనే చెప్పిన్రంట!"

పెర్సిస్‌కు ఉన్నది ఇద్దరూ కొడుకులే, కూతురు లేదు. ఆమె చేతిలోని గరిట గిన్నెలో పెట్టి, మెల్లగా భర్త వైపు తిరిగింది.

"నాకైతే బిడ్డ లేదు. మీకున్నదా?"

ముద్ద జయానందం గొంతులో అడ్డం పడింది. దగ్గు తగ్గేలోపల ఆయనకు పొద్దున తను చెప్పిన ఒక్కొక్క మాటా, రఘుపతి మొహంలో మారిన ఒక్కొక్క రంగూ గుర్తుకొచ్చాయి. వచ్చినాయన ఏ ఎంక్వయిరీకి వచ్చాడో అప్పుడు అర్థమైంది. అర్థమైన సంగతి ఆడవాళ్లిద్దరికీ చెప్పాడు. రెండోసారి చెప్పాక పెర్సిస్ నమ్మింది. బాలనర్సమ్మ నమ్మి, కొంగు మొహానికి కప్పుకుని ఏడ్చింది.

"ఆ పిల్ల అంటే వానికి పానం సారూ. రాక రాక ఒక మంచి సంబంధమొచ్చె. ఇగ వానికి ఎవలిస్తరు?"

ఇంతలో చేతులకు ఆయిల్ మరకలతోనే రాజేందర్ వచ్చాడు. కొడతాడేమోనని జయానందం కుర్చీ వెనక్కి జరిపాడు. రాజేందర్ కొట్టలేదు. గడప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అది ఇంకా ప్రమాదమని క్లబ్బులో అందరికీ తెలుసు.

"నేను క్లబ్ ఇడుస్త అని మీకు ఎవలు చెప్పిన్రు సార్?" అన్నాడు తల ఎత్తకుండా. "మమతకు నర్సాపూర్‌ల ట్రాక్టర్ సామాన్ల దుకాణముంది. పార్టుల కోసం పోయినప్పుడు కలిసింది. గంతే. ఏ టీమోనితోని నేను మాట్లాడలే."

"అంటే పోవుడు లేదా?" జయానందం మొహం వెలిగిపోయింది. పెర్సిస్ చూసిన చూపుకు మళ్లీ ఆరిపోయింది.

"మీరు చెడగొట్టిన్రు, మీరే నిలవెట్టుండ్రి. లేకుంటే వచ్చే ఆదివారం నన్ను గ్రౌండ్ల చూడరు."

ఏ ముఖం పెట్టుకుని వస్తానంటూ బాలనర్సమ్మ రానంది. రాజేందర్‌ను తీసుకెళ్లడం మంచిది కాదని పెర్సిస్ అంది. చివరికి జయానందం, పెర్సిస్, వాహెద్ ముగ్గురూ బస్సెక్కారు. దారిలో అడవి దాటాక వాహెద్ వాళ్ల వైపు తిరిగాడు.

"నేను మంచిగనే చెప్పిన భాయ్," అన్నాడు. "బంగారం అన్న."

"నువ్వు ఇంక ఏం చెప్పకు," అంది పెర్సిస్.

నర్సాపూర్‌లో రఘుపతి వాళ్లను అరుగు మీదే కూర్చోబెట్టాడు. జయానందం మొదటి నుంచి చివరి దాకా విప్పి చెప్పాడు. పాపన్నపేట వాళ్లంటే ఆడవాళ్లు కాదు, పదకొండు మంది మగవాళ్లు. రేగోడ్ వాళ్లూ అంతే. రఘుపతి నమ్మీ నమ్మనట్టు వింటుండగా లోపలి నుంచి మమత మంచినీళ్లు తెచ్చింది.

"నేను పొద్దటి నుంచి గదే చెప్తున్న, మామ ఇనలే," అంది. "రాజేందర్ చొక్కా పట్టింది రెఫరీది మామా. ఆ మ్యాచ్ నేను చూసిన. అది ఆఫ్‌సైడ్ గాదు. గోలే."

"గోలే!" అన్నాడు జయానందం. అంత న్యాయమైన మాట ఆయన చాలా రోజులుగా విని ఉండలేదు. ఆ ఉత్సాహంలో పొద్దున చెప్పినదంతా తిరగేసి చెప్పడం మొదలుపెట్టాడు. కోపం ఆట మీద ప్రేమ. అలక పసితనం. మోకాలి పట్టీ ముందు జాగ్రత్త.

రఘుపతి మొహం తేటపడింది. "మరి చెప్పిన మాట ఇంటడా సార్?"

"ఎందుకినడు? గీత గీస్తే దాటడు."

"పిల్ల కోసం ఏదన్న ఇడుసుకోవాల్సి వస్తే?"

పెర్సిస్ ఆయన చొక్కా పట్టి లాగింది. బాగా చెబుతున్నానని మెచ్చుకుంటోందనుకున్నాడు జయానందం.

"ఏదన్న ఇడుస్తడు! మీరు ఎక్కడ ఉండుమంటే అక్కడ ఉంటడు. నాది గ్యారంటీ."

రఘుపతి లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "గింత మాట చాలు సార్. తండ్రి లేని పిల్ల, దుకాణం ఇడిచిపెట్టి మెదక్ రాలేదు. పిలగాడే వచ్చి ఇక్కడ ఉండాలన్నం. గదొక్కటే ఒప్పుకోలే. మా సెక్రటరీ సార్ పొమ్మంటెనే వస్త, లేకుంటే క్లబ్ ఇడువ అన్నడు. ఆ సెక్రటరీ మీరేనని ఇప్పుడే తెల్సె. దేవుని లెక్క వచ్చి మీరే మాటిస్తిరి."

పెర్సిస్ తన చొక్కా ఎందుకు లాగిందో జయానందానికి అప్పుడు తెలిసింది.

"ఇక్కడ గూడ టీం ఉంది సార్," అంది మమత. "లెఫ్ట్ సైడ్ ఎవలు లేరంట."

తిరుగు బస్సులో జయానందం కిటికీలోంచి చీకటి పడుతున్న అడవిని చూస్తూ కూర్చున్నాడు. పక్కన ఏదో చప్పుడైతే తిరిగి చూశాడు. వాహెద్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"పోనియ్ అన్నది నువ్వే గద," అన్నాడు జయానందం.

"అన్న. అంటే నిజంగ పోతడనుకున్ననా భాయ్?"

రాజేందర్ మాట తప్పలేదు. సెమీఫైనల్ ఆడి రెండు గోల్స్ కొట్టాడు. ఫైనల్లో రెఫరీతో వాదించి సగంలోనే బయటికొచ్చాడు. కప్పు రాలేదు. ఆ తర్వాత నర్సాపూర్‌లో లగ్గం ఘనంగా జరిగింది. సంబంధం కుదిర్చినందుకు పిల్ల తరఫువాళ్లు జయానందానికి శాలువా కప్పారు. దాని మీద నర్సాపూర్ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్లు ఇంకొకటి కప్పారు.