ఆర్విడ్ రాసిన ‘కొంచెం’

సోమవారం పొద్దున మార్లిస్ పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవాలి. నరాల జబ్బు వచ్చి పదకొండేళ్లయింది, అప్పటినుంచీ మూత్రం ఆమె మాట వినడం మానేసింది. కిందటి నెల నడుం కింది నరం పక్కన సన్నని తీగ పెట్టి, బెల్టుకు కట్టిన చిన్న పెట్టెతో కరెంటు పంపి వారం రోజులు పరీక్షించారు. రోజుకు పదిసార్లు తడిసే బట్ట ఒక్కసారికి దిగింది. ఆ వారం ఆమె చెల్లెలి ఊరిదాకా దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్లొచ్చింది. తర్వాత తీగ తీసేశారు. ఇప్పుడు దాన్ని శాశ్వతంగా లోపల పెట్టడానికే ఈ ఆపరేషన్.

"బీమావాళ్లు కుదరదన్నారండీ," అంది ఫోన్లో నర్సు. "ఎన్నిసార్లు తడిసిందో రాయమని మేమిచ్చిన డైరీలో, తీగ పెట్టకముందు రోజుకి ఒకసారి, కొంచెం అని ఉంది. పెట్టాక కూడా ఒకసారే. గుణం లేదంటున్నారు."

మార్లిస్ చేతులు వణుకుతాయి కాబట్టి ఆ డైరీ రాసింది ఆమె మొగుడు ఆర్విడ్.

"పదిసార్లని చెప్తే ఒకసారని రాస్తావా?"

"పరాయివాళ్లు చదివేది కదా. మరీ అంత ఘోరంగా ఎందుకులే అనుకున్నా."

వాళ్ల ఊరు డులూత్‌లో తలుపు తెరుచుకోనంత మంచు పడ్డా ‘కొంచెం పడింది’ అనే వంశం అతనిది. మార్లిస్‌కు ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లు దుప్పట్లు ఉతికింది ఈ ‘కొంచెం’ కోసమేనా?

గురువారం ఇద్దరూ బీమా ఆఫీసుకు వెళ్లారు. అధికారి కర్టిస్ ఆమెను తన ఎదుట లేతరంగు గుడ్డ కుర్చీలో కూర్చోబెట్టాడు.

"డైరీలో ఉన్నదే మాకు ప్రమాణం, మేడమ్."

"బాత్రూం ఎక్కడ?"

"ఇక్కడిది సిబ్బందికే. కింద అంతస్తులో సంతకం పెట్టి తాళంచెవి తీసుకోవాలి."

లేవబోయిన మార్లిస్ మళ్లీ కూర్చుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, కానీ కోపం అంతకంటే పెద్దది.

"టైమెంతయింది?"

"పదీ నలభై."

"రాసుకోండి."

కర్టిస్ కుర్చీ వంక చూశాడు, కార్పెట్ వంక చూశాడు, తన బూట్లు వెనక్కి లాక్కున్నాడు.

"మరీ అంత ఏం లేదులెండి, కొంచెమే," అని ఆర్విడ్ అతన్ని ఓదార్చాడు.

"కాదు సార్, చాలా ఉంది," అంటూ కర్టిస్ ఆ మాటే కాగితం మీద రాసి, ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు.

పదకొండేళ్లలో ఆర్విడ్ ‘కొంచెం’ అంటే ఎవరైనా నమ్మకపోవడం అదే మొదటిసారి.