ఇప్పనూనె కంపెనీలో ఉడుత వాటా

ఒక పెద్ద అడవిలో, రోడ్డు ఇంకా పడని అడవిలో, చారలయ్య అనే ఉడుత భార్య ముత్తితో ఒక ఇప్పచెట్టు తొర్రలో కాపురం ఉండేవాడు. రాలిన ఇప్పగింజలు ఏరి గానుగకు చేర్చడం వాడి పని. గానుగ అడవిపంది వరాహరావుగారిది. గంపెడు గింజలకు గుప్పెడు సారపప్పు కూలి ఇచ్చేవారు. వానాకాలమంతా ఆ పప్పే చారలయ్య ఇంట్లో తిండి.

ఆ ఏడు వరాహరావుగారు గానుగను కంపెనీ చేశారు. మోదుగాకుల మీద తన గిట్ట ముద్ర వేసి, ఇవే వాటాలన్నారు. వాగు పక్క బండ దగ్గర అమ్మకం. వాటా ధర ఎన్ని పప్పులైతే అన్నిసార్లు వడ్రంగిపిట్ట మొద్దు మీద పొడిచేది.

చారలయ్య దాచుకున్న పప్పులో సగం తీసుకుపోయి మోదుగాకులు తెచ్చాడు.

"ఇక మీదట నేను కూలివాణ్ణి కాదే. గానుగకు యజమానిని."

"యజమానిగారూ, చెట్టు కింద గింజలు రాలుతున్నాయి, చూశారా?" అంది ముత్తి. ఆమె కడుపుతో ఉంది.

"యజమానులు ఎక్కడైనా గింజలు ఏరతారటే?"

మర్నాటి నుంచి వాడి మకాం బండ దగ్గరే. తోడుకు లోటు లేదు. నిన్నటిదాకా కొమ్మలు దులిపిన కోతి గెంతులరాజు, గంపలు వీపున మోసిన తాబేలు నిదానయ్య, అడవిలోని ఉడుతలన్నీ అక్కడే. అందరూ యజమానులే. వాళ్ళ మాటలు వింటే నూనె వ్యాపారం పుట్టించిందే వాళ్ళనుకోవాలి.

కొన్నాళ్ళకు పిట్ట పొడుపులు తగ్గాయి. కంపెనీ వాగులోని మొసలి దగ్గర గానుగ తాకట్టు పెట్టి అప్పు చేసిందని కబురొచ్చింది.

"అప్పు మంచిదా, చెడ్డదా?" అన్నాడు చారలయ్య.

"మొసలి ఊరికే ఇస్తాడా బావా? లోపల ఏదో చూసే ఇచ్చుంటాడు. అంతటివాడు నమ్మితే మనకేం?" అన్నాడు గెంతులరాజు. ఆయన పొద్దున కొని సాయంత్రం అమ్మే రకం.

"నేను మునిమనవల కోసం కొన్నాను. ధర వైపు చూడనే చూడను," అన్నాడు నిదానయ్య, మెడ బారెడు సాచి పొడుపులు లెక్కపెట్టుకుంటూ.

ఆ అప్పులోంచే కంపెనీ తలా నాలుగు పప్పులు లాభం పంచింది. బండ దగ్గర పండగైంది. చారలయ్య ఆ నాలుగూ ముత్తి ముందు పోసి మీసం దువ్వుకున్నాడు.

"ఈమధ్య గానుగ చప్పుడు వినబడటం లేదేమయ్యా?" అంది ముత్తి.

"కంపెనీ అయ్యాక చప్పుళ్ళు తగ్గుతాయే. నీకు తెలియదు."

నిజానికి వాడికీ తెలియదు. ధర సగానికి పడితే, పడ్డప్పుడే కొనాలని ఎవరో అన్నారు. తొర్రలో మిగిలిన పప్పు కూడా మోసుకుపోయాడు. ముత్తి ఖాళీ తొర్రలోకి ఒకసారి చూసి, కడుపు మీద చెయ్యి వేసుకుని పడుకుంది. ఆ చూపుకు చారలయ్యకు భయం వేసింది. భయం పోవడానికి మళ్ళీ బండ దగ్గరికే పోయాడు.

తొలి వాన పడ్డ రోజున పిట్ట ముక్కెత్తి, పొడవకుండానే దించేసింది. వరాహరావుగారు బండ దగ్గరే సభ పెట్టారు. చారలయ్య కోపంతో తోక నిక్కబొడుచుకుని లేచాడు.

"మా పప్పు తీసుకున్నారు. మొసలి దగ్గర అప్పు తెచ్చారు. ఇంత పెట్టి, చుక్క నూనె ఎందుకు తియ్యలేదో యజమానులకు చెప్పండి."

వరాహరావుగారు నిట్టూర్చారు. "గింజలు లేక తియ్యలేదు నాయనా. కొమ్మలు దులిపేవాడు ఇక్కడే, మోసేవాడు ఇక్కడే. నువ్వు ఏరిన గంప ఈ ఏడు నేను ఒక్కటీ చూడలేదు."

ఇప్పచెట్ల కింద ఏరకుండా వదిలేసిన గింజలు అప్పుడే మొలకెత్తుతున్నాయి. చారలయ్యకు సిగ్గుతో పాటు నవ్వు కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ కంపెనీకి పట్టిన రోగమేమిటో తేల్చడానికి కూర్చున్న వైద్యులంతా ఆ రోగమేనన్నమాట.

గానుగ మొసలి పాలైంది. మోదుగాకులు తొర్రలో పరిచి, వాటి మీదే ముత్తి ప్రసవించింది. ఇంట్లో పప్పుగింజ లేదు. మొలకెత్తని గింజలు ఏరుకొస్తే సగం కూలి ఇస్తానన్నాడు మొసలి. చారలయ్య వానలో తడుస్తూ, పిల్లల ఏడుపు వింటూ ఏరుతున్నాడు.

గంప సగం నిండేసరికి పై కొమ్మ మీంచి గెంతులరాజు వంగాడు.

"విన్నావా బావా, మొసలి కొత్తగా వాటాలు అమ్ముతున్నాడట. మంచిదా, చెడ్డదా? బండ దగ్గర అందరూ చేరారు."

చారలయ్య తొర్ర వైపు చూశాడు. తర్వాత గంప మెల్లగా కింద పెట్టాడు.

"కొనను బావా, ఒట్టు. ఊరికే వినొస్తాను."

నీతి: ఒంటరిగా పనిచేసి బాగుపడటం కంటే, నలుగురితో కలిసి చర్చించి చెడిపోవడమే మేలు.